ఇరవై ఒక్క క్వార్ట్ల గుండిగ, పద్నాలుగు పౌండ్ల పళ్లు

ఇంట్లో జామ్ చేసి సీసాల్లో నిలవ పెట్టుకోవడానికి అమ్మే కేనింగ్ కిట్‌కి నా మార్కులు ఐదుకి మూడు. ఆ మూడూ పట్కారుకీ గరాటుకీ వేసినవే. గుండిగకి విడిగా వేయమంటే ఒకటిన్నర దాటదు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే గుండిగ, నీలం రంగు మీద ఇవే తెల్ల చుక్కలు, ఆన్‌లైన్‌లో నాలుగైదు పేర్లతో కనిపిస్తాయి. 2023 మే నెలలో డెబ్భై డాలర్ల పైచిలుకు పెట్టి కొన్నాను. పార్సిల్ విప్పిన రోజే ఐదు స్టార్లు పెట్టేసేవాళ్ల రివ్యూలు నమ్మి కొన్నవాణ్ణి కనక, నేను మాత్రం రెండు సీజన్లు వాడాకే రాస్తున్నాను.

పెట్టెలో ఏమొస్తాయంటే, ఇరవై ఒక్క క్వార్ట్ల (దాదాపు ఇరవై లీటర్ల) ఎనామిల్ గుండిగ, దాని మూత, లోపల సీసాలు నిలబెట్టే తీగల చట్రం, వేడి సీసాలు ఎత్తే పట్కారు, వెడల్పు మూతి గరాటు, చివర అయస్కాంతం ఉన్న ప్లాస్టిక్ పుల్ల ఒకటి, గాలి బుడగలు తీసే పుల్ల ఇంకొకటి, ఎనిమిది పేజీల పుస్తకం. సీసాలు రావు. జామ్‌ని గడ్డ కట్టించే పెక్టిన్ పొడి రాదు. థర్మామీటర్ రాదు. బాజాభజంత్రీలు దిగాయి, పెళ్లికొడుకు మాత్రం రాలేదు.

నాకు దీంతో పని ఎందుకు పడిందో చెప్పాలి. మాది న్యూజెర్సీ, సౌత్ బ్రన్స్‌విక్. కోవిడ్ రోజుల్లో ఒక్కొక్కళ్లూ ఒక్కో పిచ్చి పట్టుకున్నారు కదా, నన్ను పట్టుకున్నది పెరడు. 2021 ఏప్రిల్‌లో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున చెక్క మడులు రెండు కట్టి, ఒకదాంట్లో ఎర్లీగ్లో, రెండోదాంట్లో జువెల్ అనే రకం స్ట్రాబెర్రీ నాటాను. ఇరవై ఐదేసి మొక్కల కట్టలు. మట్టి లేకుండా, ఎండిన వేళ్లతో, అచ్చం వట్టివేళ్ల కట్టల్లా వచ్చాయి. మా ఆవిడ చూసి, "చచ్చిపోయినవి పంపినట్టున్నారు, రిటర్న్ పెట్టెయ్యండి" అంది. రెండు వారాల్లో ఆకు వేశాయి.

ఇవి ఏడాదికి ఒక్కసారే, జూన్‌లో కాసే రకాలు. మొదటి ఏడాది వచ్చిన పువ్వునల్లా గిల్లేయాలి, లేకపోతే మొక్క వేరు పట్టడం మానేసి కాయ మీద పడుతుంది. ఆ గిల్లడం నా వల్ల కాలేదు. నేను ఆఫీసు పనిలో ఉన్నప్పుడు మా ఆవిడే వెళ్లి గిల్లేసి వచ్చింది. మర్నాటి ఏడాది కాచాయి. మొదట కాచినవాటిలో సగం చిప్‌మంక్ తిన్నది. ఉడుత కన్నా చిన్నదీ, వీపు మీద చారలున్నదీ, ఆ జంతువు ఒక పండు పూర్తిగా తిని పోతే ఊరుకుందును. ప్రతి పండునీ ఒక పక్క కొరికి వదిలేస్తుంది. అటు ఒక గాటు, ఇటు ఒక గాటు. ఎవరో చెబితే గులకరాళ్లకి ఎర్ర రంగు వేసి మడిలో పెట్టాను, పిట్టలు ముక్కుతో పొడిచి, నొప్పెట్టి మళ్లీ రావని. పిట్టల సంగతి తెలియదు గానీ మా చిన్నది వాటితో అచ్చనగాయలు ఆడింది. ఆఖరికి వల కొన్నాను.

దొరికిన పళ్లు మాత్రం, షాపులో పళ్లతో పోలికే లేదు. షాపు పండు కోస్తే లోపల ముల్లంగిలా తెల్లగా ఉంటుంది, కరకరలాడుతుంది. ఎర్లీగ్లో పండు చిన్నది, బొటనవేలి గోరంత, లోపలి దాకా ఎరుపు. కోసిన సాయంత్రానికే మెత్తబడిపోతుంది. అందుకే దాన్ని దూరం పంపరు, అందుకే అది షాపులో ఉండదు. ఇంకో తిరకాసు ఏంటంటే, అన్నీ ఒక్కరోజు పండవు. రోజుకి ఒక గిన్నెడు, మూడు వారాలు. జామ్‌కి సరిపడా ఒకేసారి ఎప్పుడూ ఉండవు. దానికి నేను చేసేది ఇదీ: పొద్దున్నే ఆఫీసు మీటింగుకి ముందు కోసుకొచ్చి, కడిగి, తొడిమలు తీసి, ఫ్రీజర్‌లో పళ్లెం మీద విడివిడిగా గడ్డ కట్టించి సంచిలో వేస్తాను. సంచి నిండాక ఒక శనివారం మొత్తం బయటికి తీస్తాను. కరిగాక దిగిన ఎర్రనీళ్లు పారబోయకూడదు, అవి కూడా కొలతలో లెక్కే.

2022లో ఈ కిట్ లేదు. ఆ ఏడాది చేసిన జామ్ జామే కాలేదు. ఆ కథ చెప్పకపోతే ఏది కొనాలో ఏది కొనక్కర్లేదో మీకు తెలియదు. ష్యూర్‌జెల్ వాళ్ల పసుపు పెట్టె పెక్టిన్ కొన్నాను. లోపలి కాగితంలో ఐదు కప్పుల గుజ్జుకి ఏడు కప్పుల పంచదార వేయమని ఉంది. ఏడు కప్పులా! మా ఇంట్లో నెలకి అంత పంచదార అవ్వదు. తెలివితేటలు చూపించి నాలుగు కప్పులే వేశాను. చల్లారినా, తెల్లారినా, ఫ్రిజ్‌లో పెట్టినా అది గడ్డ కట్టలేదు. ఎర్ర షర్బత్. తప్పు ప్యాకెట్‌ది కాదు, నాదే.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది. పెక్టిన్ అంటే పండు కణాల గోడల్లో ఉండే జిగురు. జామకాయలో, నిమ్మజాతి తొక్కల్లో, పుల్లటి ఆపిల్‌లో దండిగా ఉంటుంది. స్ట్రాబెర్రీలో తక్కువ, బాగా పండితే ఇంకా తక్కువ. (చిన్నప్పుడు జామ్ అంటే జామకాయతో చేస్తారు కాబట్టే ఆ పేరు అనుకునేవాణ్ణి. పెక్టిన్ లెక్కన చూస్తే అంత తెలివితక్కువ ఊహేం కాదు.) ఈ పెక్టిన్ పోగులు నీళ్లలో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. పులుపు ఆ తోపులాట తగ్గిస్తుంది. పంచదార చుట్టూ ఉన్న నీళ్లని తనవైపు లాక్కుంటుంది. అప్పుడు పోగులు ఒకదానికొకటి అల్లుకుని వల కడతాయి. ఉడికిన జామ్‌లో పంచదార పాలు అరవై శాతం దరిదాపుల్లో లేకపోతే మామూలు పెక్టిన్ వల కట్టదు. నేను పంచదార తగ్గించానంటే తీపి ఒక్కటే తగ్గించలేదు, పునాది తీసేశాను.

తక్కువ తీపి కావాలంటే అదే ష్యూర్‌జెల్ వాళ్లది గులాబి పెట్టె ఉంది. అందులో పెక్టిన్ రకమే వేరు, తక్కువ పంచదారతో గట్టిపడుతుంది. ఆరు కప్పుల గుజ్జుకి నాలుగు కప్పుల పంచదార. నాకు ఐదు డాలర్ల లోపు దొరికిన ఈ చిన్న పెట్టెకి ఐదుకి ఐదు వేస్తాను. పొడిని పావుకప్పు పంచదారలో కలిపి గుజ్జులో వేసి, గరిటెతో తిప్పినా ఆగనంతగా మరిగించి, మిగతా పంచదార ఒక్కసారే పోసి, మళ్లీ అంత మరుగూ వచ్చాక సరిగ్గా ఒక్క నిమిషం ఉంచి దించేయడం. అంతే పని. రెండు పెట్టెలు కలిపి రెట్టింపు చేద్దామని మాత్రం అనుకోకండి, పెద్ద మోతాదు వేడెక్కడానికే ఆలస్యమై పట్టు తప్పుతుంది. నురుగు రాకుండా అర టీస్పూను వెన్న వేయమంటారు. మా ఇంట్లో వెన్న లేక నెయ్యి వేశాను, తేడా ఏం లేదు. పైగా మా అమ్మకి నెయ్యి అంటే ఆ వంట మీద కొంచెం గౌరవం పెరిగింది.

ఇక గుండిగ. పెక్టిన్ సంగతి తేలింది కనక, ఏడాది పాటు బయట నిలవ ఉండేలా చేద్దామని కిట్ కొన్నాను. మా వంటింట్లో ఉన్నది గ్లాస్‌టాప్ కరెంటు స్టవ్. ఈ గుండిగ అడుగు చదునుగా ఉండదు, గట్లు గట్లుగా, మధ్యలో లోపలికి నొక్కినట్టు ఉంటుంది. అద్దం స్టవ్ మీద పెడితే వేడి సరిగ్గా ఎక్కదు, బరువుకి, వేడికి అద్దం చిట్లే ప్రమాదమూ ఉంది. ఈ ముక్క అమ్మకం పేజీలో ఉంది. ఎక్కడుంది? ఫోటోలు, ఆఫర్లు, జనం ప్రశ్నలు అన్నీ దాటాక, అట్టడుగున, చీమ కాలంత అక్షరాలతో. ఈ దేశంలో సగానికి పైగా వంటిళ్లలో కరెంటు స్టవ్‌లే కదా, ఆ మాట పైన పెడితే వాళ్ల సొమ్మేం పోయింది?

అదృష్టం కొద్దీ మాకు డెక్ మీద, అంటే ఇంటి బయటి చెక్క అరుగు మీద, ప్రొపేన్ గ్యాస్ స్టవ్ ఉంది. వేపుళ్ల వాసన, పోపు ఘాటు ఇంట్లో తివాచీలకి పట్టకుండా చాలామంది మనవాళ్లు పెట్టుకునేదే. గుండిగని దాని మీదికి ఎక్కించాను. నీళ్లు సీసాల మూతల పైన కనీసం అంగుళం ఉండాలి. చిన్న సీసాలకి గుండిగలో సగం నింపితే చాలు, నాకు అది తెలియక మొదటిసారి అంచు దాకా నింపాను. ఆ రోజు గాలి. మంట ఒక పక్కకి కొట్టుకుపోతోంది. నీళ్లు మరగడానికి యాభై నిమిషాలు పట్టింది. ఈలోగా లోపల పొయ్యి మీద జామ్ సిద్ధమైపోయి, గిన్నెలోనే గట్టిపడటం మొదలుపెట్టింది. నేను వంటింటికీ డెక్‌కీ మధ్య తలుపు తీస్తూ వేస్తూ పరుగులు. పెళ్లి వంటల దగ్గర కూడా అంత టెన్షన్ పడి ఉండరు.

ఆ పరుగుల్లోనే జామ్ పొంగింది. పాలు పొంగితే నీళ్లు చల్లితే ఆగుతాయి. పంచదార పాకం ఆగదు. అద్దం స్టవ్ మీద ఎర్రగా పారి, నల్లగా మాడి, అతుక్కుపోయింది. మర్నాడు బ్లేడుతో గీరితే వచ్చింది గానీ ఒకచోట చిన్న గుంట పడి అలాగే ఉండిపోయింది. మీ గిన్నెలో గుజ్జు మూడో వంతుకి మించి పోయకండి. అంత లోతున్న గిన్నె ఉండాలి.

పట్కారు గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. మామూలు వంటింటి పట్కారుతో గుండ్రటి సీసాని మరిగే నీళ్లలోంచి తీయడం పాముని కర్రతో పట్టడం లాంటిది. దీని దవడలు సీసా మెడకి సరిపోయేలా వంపు తిరిగి, రబ్బరు తొడుగుతో ఉంటాయి. ఒంచకుండా నిట్టనిలువుగా ఎత్తచ్చు. ఒంచితే లోపలి జామ్ మూతకీ సీసా అంచుకీ మధ్యకి చేరి సీల్ పాడవుతుంది. ఎత్తి, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టాలి. చల్లటి గ్రానైట్ గట్టు మీద పెడితే అడుగు టప్పున ఊడొస్తుంది. వేడి జామ్‌ని చల్లటి సీసాలో పోసినా అంతే. నాకొకటి అలాగే పోయింది.

గరాటు ఇంకా గొప్పది. దాని కింది మూతి దాదాపు సీసా మూతంత వెడల్పు. పండు ముక్కలు ఇరుక్కోవు. సీసా అంచు మీద జామ్ బొట్టు పడదు, పడితే సీల్ పట్టదు. మన వంటింట్లో నూనె గరాటులు సన్నగా ఉంటాయి కదా, దీన్ని చూడగానే మా అమ్మ కళ్లు మెరిశాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను. గాలి బుడగల పుల్లకి ఒక చివర మెట్లు మెట్లుగా ఉంటుంది. సీసా అంచుకి ఆనిస్తే పైన ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. జామ్‌కి పావు అంగుళం. అయస్కాంతం పుల్ల ఎందుకో ఇప్పటికీ తెలియదు, మూతల్ని వేడి నీళ్లలోంచి తీయడానికట. ఇప్పటి మూతలు మరిగించక్కర్లేదు, కడిగితే చాలు. సొరుగులో పడి ఉంది, పడిపోయిన సూదులు వెతకడానికి మా ఆవిడ వాడుతుంది.

సీసాలు విడిగా కొనుక్కున్నవి, అరపింటు (దాదాపు పావు లీటరు) మేసన్ జాడీలు. మర ఉన్న సీసా మెడకి 1858లో పేటెంట్ తీసుకున్న జాన్ లాండిస్ మేసన్ పేరే వాటికి స్థిరపడింది. ఆయన మా న్యూజెర్సీవాడే, రేకుపనివాడు. మూత రెండు భాగాలు, పైన పల్చటి బిళ్ల, దాన్ని పట్టి ఉంచే మర పట్టీ. పట్టీ ఎన్నేళ్లయినా వాడచ్చు, బిళ్ల ఒక్కసారికే. కోవిడ్‌లో అందరూ పెరటి పంటల మీద పడేసరికి ఈ బిళ్లలు దొరక్క జనం అల్లాడిపోయారు. పది నిమిషాలు మరిగించి తీసి తువ్వాలు మీద పెట్టాక, చల్లారుతున్నకొద్దీ లోపలి గాలి ముడుచుకుని బిళ్లని కిందికి లాగుతుంది, అప్పుడు టింగుమని శబ్దం వస్తుంది. ఎనిమిది సీసాలు పెట్టి అలా కూర్చున్నాం, మా పిల్లలు లెక్కపెడుతున్నారు. ఏడు టింగులు వినిపించాయి. ఎనిమిదోది అర్ధరాత్రి మోగిందని పెద్దది ఇప్పటికీ అంటుంది. (మా ఊరు సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు, పది నిమిషాలు చాలు. వెయ్యి అడుగులు దాటిన ఊళ్లవాళ్లు ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోవాలి.)

2024 వేసవికి అమ్మ వచ్చింది, గుడివాడ నుంచి. ఆ ఏడాది పళ్లు బాగా కాచాయి, తిన్నవి పోగా పద్నాలుగు పౌండ్లు. గుండిగ నిండా నీళ్లు కాగుతుంటే డెక్ మీద కుర్చీ వేసుకుని చూస్తోంది. కడిగిన సీసాల్ని నీళ్లలో దించుతుంటే ఆగలేకపోయింది.

"ఒరేయ్, ఆవకాయ సీసాకి తడి తగలకూడదని మూడు రోజులు ఎండబెడతాం. వీళ్లేంట్రా, ఏకంగా నీళ్లలో ముంచి ఉడకబెడుతున్నారు?"

పులుపు, పంచదార, మరిగించడం, గాలి లేకపోవడం, అన్నీ చెప్పాను. విని, "నీ పాకం నువ్వు చేసుకో, ఒక దఫా నాకు వదిలెయ్. ఆ పొడి లేకుండా చేస్తాను" అంది.

పెక్టిన్ లేకుండా చేసే లెక్క సులువు, నాలుగు కప్పుల గుజ్జుకి నాలుగు కప్పుల పంచదార. అమ్మ ముందురోజు రాత్రే రెండూ కలిపి, అరచెక్క నిమ్మకాయ పిండి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. మాగాయ ముక్కలు ఉప్పులో ఊరినట్టు పొద్దుటికి పళ్లు నీరు వదిలేసి, ముక్కలు ముడుచుకుని, చిక్కటి ఎర్ర రసంలో తేలుతున్నాయి. మందపాటి స్టీలు గిన్నెలో పోసి, పెద్ద మంట మీద పెట్టింది. మొదట లేత గులాబి రంగు నురుగు గిన్నె నిండా లేచింది. దాన్ని గరిటెతో తీసి ఒక పక్క గిన్నెలో వేస్తుంటే పిల్లలు చెంచాలతో కాపలా కాశారు. పావుగంట దాటాక నురుగు దానంతటదే అణిగింది. శబ్దం మారింది. అప్పటిదాకా చిటపటలాడుతున్నది కాస్తా బుడుంగు, బుడుంగు అని బరువుగా ఉడకసాగింది. రంగు కూడా గులాబి పోయి, పట్టుచీర కుంకుమరంగు అంచులా దిగింది.

నా చేతిలో థర్మామీటర్ ఉంది. పుస్తకాల లెక్క 220 డిగ్రీల ఫారెన్‌హీట్, నీళ్లు మరిగే వేడి కన్నా ఎనిమిది డిగ్రీలు ఎక్కువ. అప్పటికి 218. అమ్మ గరిటె పైకెత్తి, అంచున జారే చుక్కని చెక్క మీద వేసి, కాస్త ఆరాక చూపుడువేలితో తీసి బొటనవేలికి ఆనించి విడదీసింది. ఒక తీగ లేచింది. సగం దూరం వచ్చి తెగింది.

"దించెయ్."

"ఇంకా రెండు డిగ్రీలు ఉందమ్మా."

"అరిసెలు చేస్తున్నామా, ముదురు పాకం పట్టడానికి? దించేటప్పటికే ఇంకాస్త ముదురుతుంది. దించెయ్ నాన్నా."

ఫ్రీజర్‌లో పెట్టిన పళ్లెం తీసి ఒక చెంచాడు వేసి నిమిషం ఆగి వేలితో తోశాను. పైపొర ముడతలు పడింది. ముడత పడితే అయినట్టే. స్టవ్ ఆపి మళ్లీ థర్మామీటర్ పెడితే 219 చూపించింది. ఆ ఒక్క డిగ్రీ గురించి నేను ఇంకేం మాట్లాడలేదు. సీసాలు నాలుగు నిండాయి, కొసరు ఒక చిన్న గిన్నెడు.

రెండూ పక్కపక్కన పెట్టి తింటే తేడా తెలుస్తుంది. గులాబి పెట్టె జామ్ రంగు మెరుస్తుంది, పచ్చి పండు వాసన అలాగే ఉంటుంది, చెంచాతో కోస్తే గడ్డలా నిలుస్తుంది. ఒక్క నిమిషమే మరిగింది కదా. అమ్మ చేసింది తీపి ఎక్కువ, ముదురు రంగు, మెత్తగా జారుతుంది, వాసనలో కాస్త కాగిన పాకం కలుస్తుంది. బ్రెడ్డు మీదికి మొదటిది. వేడి దిబ్బరొట్టె మీదికి రెండోదే. అంతకు ముందు ఏడాది చేసిన పసుపు పెట్టె సీసా ఒకటి మిగిలి ఉంటే దాన్ని కూడా ఈ పోటీలో పెట్టాను, ఏడు కప్పుల పంచదారతో పద్ధతిగా చేసింది. పిల్లలకి అదే నచ్చింది. పిల్లలు కదా.

కిట్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించినది ఒకటి ఉంది. ఎనిమిది పేజీల్లో మూడు పేజీలు ఫోటోలే. స్ట్రాబెర్రీ జామ్ తయారీ రాశారు గానీ సీసాలు ఎన్ని నిమిషాలు మరగబెట్టాలో రాయలేదు. ఏది ఈ గుండిగలో చేయకూడదో అసలే లేదు. మా స్నేహితుల్లో ఒకాయన ఇది చూసి, "బ్రదర్, ఒక శనివారం ఇవ్వు, పప్పు, బీన్స్ కూర సీసాల్లో పెట్టేసుకుంటా, నెలంతా వంట ఉండదు" అన్నాడు. ఇవ్వలేదు. స్ట్రాబెర్రీకి పులుపు ఎక్కువ, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా బాగా కిందే ఉంటుంది, కాబట్టి మరిగే నీళ్లు చాలు. పప్పూ కూరలూ ఆ గీతకి పైన ఉంటాయి. వాటిలో బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీళ్లకి చావవు, పైగా గాలి లేని సీసా వాటికి ఇష్టమైన ఇల్లు. వాటికి 240 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్లే ప్రెషర్ కేనర్ వేరే కావాలి. మన విజిల్ కుక్కర్ దానికి బదులు కాదు. ఈ నాలుగు ముక్కలు వేయడానికి ఆ పుస్తకంలో ఒక ఫోటో తీసేస్తే సరిపోయేది.

ఇక తుప్పు. మొదటి సీజన్ అయ్యాక తుడిచి, ఆరబెట్టి, బేస్‌మెంట్‌లో పెట్టాను. రెండో జూన్‌కి తీస్తే తీగల చట్రం అతుకుల దగ్గర పూత లేచిపోయి గోధుమరంగు మరకలు. కస్టమర్ సర్వీసుకి రాస్తే ఫోటో అడిగారు, పంపాను. ఇంకో కోణంలో అడిగారు, అదీ పంపాను. తొమ్మిది రోజులకి కొత్త చట్రం వచ్చింది. మర్యాదగానే మాట్లాడారు, డబ్బులు అడగలేదు, అది ఒప్పుకోవాలి. ఆ కొత్తదానికి ఆగస్టు కల్లా అదే చోట అదే మరక. ఇంక రాయలేదు. ఇప్పుడు అడుగున పాత మర పట్టీలు పరిచి వాటి మీద సీసాలు పెడుతున్నాను, చట్రం కన్నా బాగున్నాయి.

మరి కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో గ్యాస్ స్టవ్ ఉండి, పీచ్ పళ్లు పెద్ద క్వార్టు సీసాల్లో పెట్టే అలవాటు ఉంటే గుండిగ పనికొస్తుంది. అరపింటు సీసాల్లో జామ్‌కైతే ఇంత గుండిగ దండగ. ఎనిమిది అంగుళాల లోతున్న చదునడుగు స్టీలు గిన్నె, సంక్రాంతికి అరిసెల పాకం పట్టేది, మీ ఇంట్లో ఉండే ఉంటుంది. పట్కారు, గరాటు విడిగా, నేను చూసినప్పుడు, పదిహేను డాలర్లకి దొరికేవి. గులాబి పెట్టె ఒకటి, సీసాలు ఒక డజను. మొదటి ఏడాది ఖర్చంతా వేసి ఒక్కో సీసా ఎంత పడిందో మా ఆవిడ లెక్క కట్టింది. ఆ అంకె ఇక్కడ రాయను.

గుండిగ ఇప్పుడు డెక్ మీదే ఉంటుంది. మొన్న ఇంట్లో ఇరవై మందికి మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టాం, ఆ పనికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

అమ్మ అక్టోబర్‌లో వెళ్లిపోయింది. రెండు సీసాల జామ్ చుట్టాలకి పట్టుకెళ్తానంటే చీరల మధ్య చుట్టి చెక్-ఇన్ పెట్టెలో సర్దాను. నాలుగు రోజులాగి గులాబి పెట్టె జామ్ దించుతూ గరాటు కోసం వెతికితే లేదు. ఫోన్ చేశాను.

"అదా? ఆవకాయ జాడీలోంచి సీసాల్లోకి తీసుకోడానికి ఎంత బావుందో. నువ్వు ఇంకోటి తెప్పించుకో" అంది.

తెప్పించుకున్నాను. ఈసారి స్టీలుది.